కాగితం మీద బర్రె

2010 అక్టోబరు మొదటివారం. ఎం.బి.ఏ. మొదటి సంవత్సరం క్లాసులు మొదలై ఇంకా నెల కాలేదు. మేనేజ్‌మెంట్ పాఠం చెప్పే సార్ నాలుగు పేజీల జిరాక్సు కాగితాలు తెచ్చి బెంచీకొకటి పంచారు. "ఇది కేస్ స్టడీ. పది నిమిషాల్లో చదవండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. పత్రికల్లో వచ్చిన వార్తల నుంచి ఆయనే కూర్చుకున్న కాగితాలవి. దేశంలో అతిపెద్ద సూక్ష్మరుణ సంస్థగా పేరు తెచ్చుకున్న ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ గురించి. ఆ ఆగస్టులోనే దాని షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 985 రూపాయల షేరు కోసం, ఉన్నవాటికి పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి ఆ సంస్థలో సభ్యులు సుమారు 70 లక్షల మంది. అందరూ ఆడవాళ్ళే.

రెండో పేరాలో నా కళ్ళు ఆగిపోయాయి. ఆ సంస్థ తొలి అప్పులు ఇచ్చిన చోటు మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతం అని ఉంది. ఇంగ్లీషు పాఠంలో మా తాలూకా పేరు చూడడం నాకదే మొదటిసారి. గర్వమో భయమో తెలియలేదు. కాగితం మీద చెయ్యి పెట్టి ఆ పేరు కనపడకుండా మూశాను.

సార్ అడిగారు: "అప్పిచ్చేవాడు ఏదో ఒకటి తాకట్టు అడుగుతాడు. వీళ్ళకి భూమి లేదు, బంగారం లేదు. మరి తాకట్టు ఏమిటి?" ముందు బెంచీలోంచి ఒకబ్బాయి "సోషల్ కొలాటరల్" అన్నాడు. "కరెక్ట్. అయితే 99 శాతం వసూళ్ళు ఎట్లా వస్తున్నాయి?" అంటూ క్లాసంతా చూసి నా దగ్గర ఆగారు. "నీది మెదక్ కదూ, నువ్వు చెప్పు."

"ఆడవాళ్ళకి క్రమశిక్షణ ఎక్కువ సార్" అన్నాను.

"వెరీ గుడ్" అన్నారు. ఆ క్లాసులో నేను అందుకున్న మొదటి మెచ్చుకోలు అదే. అది అబద్ధమని నాకు తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత ఈ వ్యాసం రాయడం ఆ జవాబును దిద్దుకోవడానికే.

*

మాది మనూర్. మంజీర పక్కన ఉన్న మండలం. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌లో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అంటున్నారు. మా నాయనమ్మ మాటలో తెలుగెంతో కన్నడమంత. బాపు సంతలో ఉర్దూలో బేరం చేస్తాడు. రెండెకరాల నల్లరేగడిలో జొన్న, కంది, పెసర పండిస్తారు. వానలు మొహం చాటేసిన ఏడు తండాల నుంచి, మా వాడల నుంచి కూడా చెరకు కొట్టడానికి బండ్లు కట్టుకుని పోతారు. వలస పోయినవాళ్ళ ఇంటి తలుపులకు తాళాలు, తాళాల ముందు ముసలివాళ్ళు. నా చిన్నతనపు చలికాలాలు అవే.

అట్లాంటి చోటి నుంచి ఐసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, బీసీ కోటాలో హైదరాబాదులో ఒక కాలేజీలో సీటు తెచ్చుకున్నాను. కాలేజీ ఫీజుకి రీయింబర్స్‌మెంట్ ఉంది. అది కట్టేది ప్రభుత్వం కాబట్టి మా ఇంట్లో అందరూ 'ఖర్చు లేని చదువు' అనుకున్నారు. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, సోమవారం సోమవారం తప్పనిసరిగా వేసుకోవాల్సిన 'ఫార్మల్స్' రెండు జతలు, నల్ల బూట్లు — ఇవేవీ ఏ పథకంలోనూ లేవు. అన్నీ కలిపి పదివేల దాకా తేలింది. అవ్వ వారం రోజుల్లో పదివేలు తెచ్చి చేతిలో పెట్టింది. ఎక్కడివని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

హాస్టల్లో మొదటి రోజు రాత్రి నల్లా తిప్పితే నీళ్ళ వాసన తెలిసినట్టే అనిపించింది. పక్క మంచం అమ్మాయి "ఇక్కడికి మంజీర నీళ్ళే వస్తాయి" అంది. మా ఏరు నాకంటే దశాబ్దాల ముందే పట్నం చేరింది. దానికి ఎవరూ ఇంగ్లీషులో పరిచయం చేసుకొమ్మని అనలేదు.

మొదటి సంవత్సరమంతా పరిచయం చేసుకోవడమే కదా. "టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్న ఒక్క మాటకు మూడు వారాలు తర్ఫీదు. అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ నాకు కష్టం కాలేదు. లెక్కకి యాస ఉండదు. కష్టమల్లా గ్రూప్ అసైన్‌మెంట్లు. ఐదుగురికి ఒక గ్రూపు. మా గ్రూపులో ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరం అమ్మాయిలం. హాస్టల్ గేటు ఏడింటికి మూసేవారు. అబ్బాయిలు తొమ్మిదింటికి చాయ్ బండి దగ్గర కూర్చుని అసలు పని చేసేవాళ్ళు. పొద్దున మాకు ఒక స్లైడు మిగిలేది — మొదటిది లేదా చివరిది. 'వెల్‌కమ్' ఒకరికి, 'థాంక్యూ' ఒకరికి. మార్కులు మాత్రం అందరికీ సమానం. "మీకేం, పని లేకుండానే మార్కులు" అని వాళ్ళే నవ్వేవారు.

స్పెషలైజేషన్ రెండో ఏడాదిలో. కానీ ఎవరేం తీసుకోవాలో మొదటి నెలలోనే తేలిపోయింది. అబ్బాయిలకు మార్కెటింగ్, ఫైనాన్స్. అమ్మాయిలకు హెచ్.ఆర్. "మనుషులతో మెలగడం మీకు పుట్టుకతో వస్తుంది" అనేవారు. మా క్లాసుకు తెలిసిన మేనేజర్ స్త్రీ ఒక్కరే, ఇంద్రా నూయీ. ఎవరు ఏం మాట్లాడినా ఆవిడ ఫొటోతో ముగిసేది.

*

మనుషులతో మెలగడం మనకు పుట్టుకతో వస్తుందని ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్న పట్టుకుని తర్వాతి కాలంలో నేను వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. బిజినెస్ స్కూళ్ళ చరిత్రలోనే దానికి జవాబు ఉంది.

అమెరికాలో వార్టన్ స్కూలు 1881లో, హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో మొదలయ్యాయి. కేస్ స్టడీ పద్ధతికి పేరుమోసిన హార్వర్డ్‌లో రెండేళ్ళ ఎం.బి.ఏ. మొదటి సంవత్సరంలోకి ఆడవాళ్ళను నేరుగా చేర్చుకున్నది 1963లో. ఎనిమిది మంది. అంటే 55 ఏళ్ళు తలుపు మూసే ఉంది. మరి ఆ మధ్యలో చదవాలనుకున్న ఆడవాళ్ళు ఏమయ్యారు? 1937లో పక్కనే ఉన్న ఆడపిల్లల కాలేజీ, రాడ్‌క్లిఫ్‌లో, వాళ్ళ కోసం ఒక ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. దాని పేరు 'పర్సనల్ అడ్మినిస్ట్రేషన్'. పర్సనల్ అంటే సిబ్బంది వ్యవహారాలు. మనం ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్నది దాని కూతురే. లోపలికి రానివ్వని వాళ్ళకు పెరట్లో వేసిన పీట అది. డెబ్బై ఏళ్ళ తర్వాత హైదరాబాదులో మాకు అదే పీట వేసి, అది మా పుట్టుక గుణమన్నారు.

మన దేశంలో ఎం.బి.ఏ. మొదలుపెట్టిన తొలి విశ్వవిద్యాలయాల్లో ఆంధ్రా యూనివర్సిటీ ఒకటి, 1957లో. కలకత్తా, అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లు 1961లో వచ్చాయి. ఇక్కడ నిబంధనల్లో ఆడవాళ్ళకు తలుపు మూయలేదు. మూయాల్సిన అవసరం రాలేదు. ఇంటి దగ్గరే మూసి ఉంది.

తలుపు దాటి వచ్చాక పుస్తకంలో మనం ఎక్కడున్నాం? మొదటి సెమిస్టర్లో హాథార్న్ ప్రయోగాలు చదవని ఎం.బి.ఏ. విద్యార్థి ఉండరు. 1927లో షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో కొందరు అమ్మాయిలను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు బిగించే పని ఇచ్చి పరిశీలించారు. విరామాలు పెంచినా తగ్గించినా పని పెరిగిందని, శ్రద్ధ చూపిస్తే మనుషులు బాగా పనిచేస్తారని పాఠం. మా నోట్సులో 'వర్కర్స్' అని ఉంది. వాళ్ళు ఆడపిల్లలని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. 1928 జనవరిలో ఇద్దరమ్మాయిలను మాటలు ఎక్కువయ్యాయని, సహకరించడం లేదని పంపేశారు. వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళలో ఒకామె ఇంటి బరువు మోస్తున్న పిల్ల. ఆమె వేగం వల్లే గది లెక్క పెరిగిందని తర్వాతి పరిశోధకులు ఎత్తి చూపారు. ఇంకో సంగతి. ఆ గదిలో కూలి చిన్న గుంపు మొత్తం చేసిన పనిని బట్టి కట్టేవారు. ఒకరు వెనకపడితే మిగతావాళ్ళకు కూలి తగ్గుతుంది. అంటే వెనకపడిన అమ్మాయిని తొందరపెట్టడానికి మేస్త్రీ అక్కర్లేదు, పక్కన కూర్చున్న అమ్మాయి చాలు. ఈ సంగతిని గుర్తు పెట్టుకోండి. మా ఊరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

రాసినవాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. లిలియన్ గిల్‌బ్రెత్ 1914లో మేనేజ్‌మెంట్ మనస్తత్వం మీద పుస్తకం వేసింది. రచయిత ఆడమనిషని తెలియకుండా ప్రచురణకర్తలు ఆమె పేరు పొడి అక్షరాలతో అచ్చు వేశారు. మా నోట్సులో 'గిల్‌బ్రెత్' అని ఒక్క మాట ఉంది. పరీక్షలో నేను 'అతను' అని రాశాను. మార్కులు తగ్గలేదు.

*

ఇప్పుడు నారాయణఖేడ్‌కి వద్దాం. సార్ ఇచ్చిన కాగితాల్లో మా ప్రాంతానికి 1998కి ముందు చరిత్ర లేదు. 'పేద, వెనకబడిన, కరువు ప్రాంతం' అని ఒక వాక్యం, అంతే.

కానీ అప్పు మా దగ్గరికి కొత్తగా రాలేదు. నైజాం కాలంలో వానలు పడగానే విత్తనానికో తిండికో గింజలు 'నాగు'కి తెచ్చుకునేవారు. కల్లంలో ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. కొలవలేని మనిషి తన ఒళ్ళునే తాకట్టు పెట్టి దొర దగ్గర భగేలాగా ఉండిపోవాలి. ఆ ఒప్పందాల మీద హైదరాబాద్ ప్రభుత్వమే 1936లో నిబంధనలు తేవాల్సి వచ్చింది. మా నాయనమ్మ అప్పు అనేది కాదు, 'మెడ' అనేది. "మెడ ఇచ్చి తెచ్చినం" అనేది. అప్పు పత్రం మీద పేరు మగవాడిదే. అతను పొలంలో ఉంటే, అతని భార్య దొర ఇంట్లో పేడకళ్ళు ఎత్తేది. ఆమె పని ఏ పత్రంలోనూ లేదు.

ఆ తర్వాత ఆడవాళ్ళ పేరుతో అప్పు వచ్చింది. 1982లో డ్వాక్రా పథకం. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు మాట ఊరూరా పాకింది. మాకు పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, ఇంకో లెక్క నడుపుతున్నారు. బీడు భూములు దున్నుకోవడానికి అప్పు తీసుకుని, దాన్ని జొన్నల రూపంలో ఊరి గాదెలోకి తిరిగిచ్చి, ఆ జొన్నలను ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళకు తక్కువ ధరకు అమ్మడం. ఎవరు పేదో ఊరే కూర్చుని తేల్చేది. నాగు పద్ధతిని ఆడవాళ్ళు తలకిందులు చేసి చూపించారు. 2008లో మాచునూరులో వాళ్ళే నడిపే సంఘం రేడియో కూడా వచ్చింది. కాలేజీకి బస్సులో మూడు గంటల దూరంలో ఇంత జరుగుతుంటే మా సిలబస్‌లో దాని మీద ఒక్క పేజీ లేదు.

మా సిలబస్‌లోకి వచ్చింది ఎస్.కె.ఎస్. 'స్వయం కృషి సంగం' పేరుతో 1997లో విక్రమ్ ఆకుల స్థాపించింది. మొదట అది లాభం కోసం కాని సంస్థ. 1998లో మా నారాయణఖేడ్ ప్రాంతంలో మొదటి అప్పులిచ్చింది. పద్ధతి బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకుది. ఐదుగురు ఆడవాళ్ళు ఒక గ్రూపు, కొన్ని గ్రూపులు కలిస్తే ఒక సెంటరు. వారం వారం మీటింగు, వారం వారం కిస్తు. ఒకరు కట్టకపోతే మిగతా వాళ్ళది పూచీ. తర్వాత అది లాభాల కంపెనీ అయింది, మదుపుదారులు వచ్చారు, దేశమంతా పాకింది. అదే దారిలో ఇంకా ఎన్నో కంపెనీలు ఊళ్ళలోకి దిగాయి. ఒక్కో వాడలో వారానికి నాలుగు మీటింగులు. ఒకదాని కిస్తు కట్టడానికి ఇంకోదాంట్లో అప్పు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలు మూయించారు. అయినా పరుగు ఆగలేదు. 2010 నాటికి అప్పుల బాధతో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటున్నారన్న వార్తలు వరసగా వచ్చాయి.

*

నేను 'క్రమశిక్షణ' అని జవాబు చెప్పిన వారం తర్వాత బతుకమ్మ సెలవులు. ఇంటికి వెళ్ళాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, అక్టోబరు మధ్యలో, రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాలో నమోదు చేసుకోవాలి. ఇళ్ళ మీదకు రాకూడదు. కిస్తులు వారానికి కాదు, నెలకు. వడ్డీ అసలును మించకూడదు. వాడలో అందరూ తంగేడు పూలు ముందేసుకుని అదే మాట్లాడుకుంటున్నారు.

అవ్వ గూట్లోంచి నా పాత ఇంటర్ నోట్‌బుక్కు తీసింది. వెనక పేజీల్లో గీతలు. వారానికో గీత. అవ్వకు చదువు రాదు. ఐదేసి గీతలకు ఒక అడ్డగీత. పక్కన అతికించిన కంపెనీ కాగితం. కంపెనీ పేరు ఈ వ్యాసానికి అవసరం లేదు. పాఠంలోని సంస్థ మాత్రం కాదు, మరొకటి. కాగితం మీద 'అప్పు: 10,000. కిస్తు: 225. వారాలు: 50. ఉద్దేశం: గేదె కొనుగోలు' అని ఉంది.

మా కొట్టంలో బర్రె లేదు.

"ఏదో ఒకటి రాయాలన్నరు బిడ్డా. చదువుకని రాస్తే ఇయ్యరట. బర్రె అని రాయించిన" అంది అవ్వ. నవ్వింది కూడా.

ఆ బర్రెను నేనే. నా హాస్టల్ డిపాజిట్, నా నల్ల బూట్లు. మా నోట్సులో దీనికి పేరుంది: 'ఉత్పాదకం కాని వినియోగానికి రుణం మళ్ళింపు'. వారం కిందటే దాని కింద నేను గీత గీసుకున్నాను.

ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. మొదటి సంవత్సరం చదువు నాకు నిజంగా ఇచ్చింది ఈ లెక్కే. 225 ఇంటూ 50 అంటే 11,250. పదివేల మీద 1,250 కాబట్టి పన్నెండున్నర శాతం అని చెప్పారు. కానీ అసలు వారం వారం తగ్గుతూ పోతుంది. పదివేలు ఏడాదంతా అవ్వ చేతిలో ఉండదు. సరాసరిన సగమే ఉంటుంది. అంటే అసలు వడ్డీ దాదాపు రెట్టింపు, 24 శాతం చుట్టూ. ఇది చెప్తే అవ్వ ఆశ్చర్యపోలేదు. "పటేల్ దగ్గర నూటికి నెలకు మూడు రూపాలు. అది ఎంత?" అని అడిగింది. 36 శాతం. "మరి ఏది తక్కువ?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పు వద్దని చెప్పే హక్కు ఆ బూట్లు వేసుకున్న నాకు ఎక్కడిది?

అప్పుడు అవ్వను అడిగాను. మన దగ్గర అందరూ ఎట్లా కడతారు అని. సార్ నన్ను అడిగిన ప్రశ్నే.

అవ్వ కాసేపు పూలు సర్దింది. ఆ తర్వాత చెప్పింది. ముందటి అప్పు అప్పుడు, చెరకు కాలంలో, గ్రూపులో ఒకామె ఇంటాయన అడ్వాన్సు తీసుకుని బండి కట్టాడు. ఆమె మూడు కిస్తులు తప్పింది. కిస్తు తక్కువైతే మీటింగు లేవదు. కూలికి పోయేవాళ్ళు కూలి పోగొట్టుకుని కూర్చోవాలి. మొదటి వారం నలుగురూ కలిపి కట్టారు. రెండో వారం గొణిగారు. మూడో వారం వెళ్ళి ఆమె వాకిట్లో కూర్చున్నారు.

"సార్ పొమ్మన్లేదు బిడ్డా. ఆయన చెట్టు కింద బండి మీదనే కూసున్నడు. మేమే పోయినం. నేను గూడ పోయిన. పొద్దుమూకె దాక కూసున్నం. ఆమె అత్త చూడబట్టె, వాడంత చూడబట్టె. ఆఖరుకు కాళ్ళ కడియాలు తీసి ముందట ఏసింది. ఎవ్వరం తల లేపలే. తీస్కపోయి అమ్మి కట్టినం."

"మల్ల ఆమె నాతోని మాట్లాడలే" అంది.

హాథార్న్ గదిలో పక్కన కూర్చున్న అమ్మాయిని గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. కంపెనీ సార్ చెట్టు కిందే ఉన్నాడు. అతని చేతులకు మట్టి అంటలేదు. 'సోషల్ కొలాటరల్' అన్న ఇంగ్లీషు మాటను మా వాడలోకి దించితే దాని అర్థం పరువు. ఆడదాని పరువు తాకట్టు. వాకిట్లో నలుగురు కూర్చుంటే పోయేది, మగవాడు బయట ఉన్నా ఇంట్లో ఉన్నా ఆమెదే. సిగ్గుపడడం మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ నేర్పును కంపెనీ పైసా ఖర్చు లేకుండా తీసుకుని వసూలు యంత్రంగా వాడుకుంది. మగవాళ్ళకు ఎందుకు ఇవ్వలేదో, ఆడవాళ్ళకే ఎందుకు ఇచ్చారో మా పాఠంలో 'మహిళా సాధికారత' అని రాసి ఉంది. తాతకు ఒళ్ళు తాకట్టు. అవ్వకు పరువు తాకట్టు. మధ్యలో ఎన్ని దశాబ్దాలు గడిచాయో లెక్కేసుకోండి.

అయితే అవ్వను బాధితురాలని రాసి ముగించలేను. ఆమె ఆ వాకిట్లో కూర్చుంది. పితృస్వామ్యం స్త్రీల చేతులతోనే స్త్రీలను కట్టేస్తుందని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. ఆ చేతులు నాకు జడలు వేసిన చేతులని తెలిసినప్పుడు ఆ వాక్యం ఎంత బరువు ఉంటుందో అప్పుడు తెలిసింది.

*

సెలవుల తర్వాత తిరిగి వచ్చేసరికి క్లాసులో వాతావరణం మారిపోయింది. అదే కేసు ఇప్పుడు 'రెగ్యులేటరీ రిస్క్' పాఠం. ఆర్డినెన్సు తర్వాత చట్టమైంది. రాష్ట్రంలో వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. 985కి అమ్మిన షేరు 2012లో వంద రూపాయల లోపుకు పడింది. మా చదువూ సవ్యంగా నడవలేదు. డిసెంబరు చివర శ్రీకృష్ణ కమిటీ నివేదిక, ఆ తర్వాత బందులు, సహాయ నిరాకరణ, మార్చి 10న మిలియన్ మార్చ్. సెమిస్టర్ పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు. తెలంగాణ వస్తే మన ఊళ్ళు బాగుపడతాయని హాస్టల్ మెట్ల మీద కూర్చుని వాదించుకునేవాళ్ళం. నినాదాలు ఇవ్వడానికి మాత్రం గేటు ఏడింటి తర్వాత కూడా తెరిచారు.

ఫిబ్రవరిలో మా గ్రూపుకు సూక్ష్మరుణ సంక్షోభం మీదే ప్రజెంటేషన్ వచ్చింది. చాయ్ బండి దగ్గర స్లైడ్లన్నీ తయారయ్యాయి. నాకు ఎప్పటిలాగే చివరిది. 'థాంక్యూ' తీసేసి ఒక్క మాట తెలుగులో టైపు చేయించాను: 'పరువు'. వాకిలి సంగతి చెప్పాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి జారిపోయాను. కడియాల దగ్గర గొంతు ఆగింది. సార్ దయగానే అన్నారు: "బాగుంది. కానీ ఇది డేటా కాదు, అనుభవం." అందరితో పాటే మార్కులు వచ్చాయి.

ఆ రోజు కూడా అది మా అవ్వ సంగతని నేను చెప్పలేదు. 'ఒక గ్రామంలో ఒక స్త్రీ' అన్నాను. బర్రె సంగతి అసలు చెప్పలేదు. నల్ల బూట్లు వేసుకునే నిలబడి ఉన్నాను.

*

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. అవ్వ నోట్‌బుక్కులో ఏడు గీతలే ఉన్నాయి. ఆ తర్వాత వసూలుకు ఎవరూ రాలేదు. మిగిలిన 43 కిస్తులు ఆ కంపెనీ పుస్తకాల్లో 'రాని బాకీ'గా కొట్టేసి ఉంటారు. అది ఎట్లా కొట్టెయ్యాలో మాకు అకౌంట్స్‌లో నేర్పారు. నా చదువు అట్లా ఒక కంపెనీ నష్టం మీద కూడా నిలబడింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మా వాడలో ఆడవాళ్ళు మళ్ళీ పటేల్ గుమ్మం తొక్కారు. చట్టం కంపెనీని ఆపింది గానీ అప్పు అవసరాన్ని ఆపలేదు. ఎస్.కె.ఎస్. 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్‌గా పేరు మార్చుకుని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

ఇప్పుడు నేనొక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తున్నాను. ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లలకు ఒక పని ఇస్తాను. ఇంట్లో అవ్వలు, నాయనమ్మలు లెక్క ఎట్లా పెట్టుకుంటారో అడిగి రాసుకు రమ్మంటాను. గోడ మీద బొగ్గు గీతలు, కొంగు ముడులు, డబ్బాలో చింతగింజలు, పంచాంగం మీద చుక్కలు — ఎన్నో వస్తాయి. ఒకసారి ఒకమ్మాయి, "మేడం, మా అమ్మ లెక్కలో ఆస్తులు లేవు, అన్నీ అప్పులే. ఇది బ్యాలెన్స్ షీటు అవుతుందా?" అని అడిగింది. ఆస్తి కింద నువ్వున్నావు కదా అనబోయి ఆగాను. పిల్లను ఆస్తిగా రాసుకోవడం కూడా ఒక తాకట్టే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను వాళ్ళ నోటితోనే మాట్లాడించింది. అప్పు చరిత్రను, లెక్కల చరిత్రను అట్లా మాట్లాడించే పని మన ముందు ఇంకా మిగిలే ఉందనుకుంటాను. బిజినెస్ స్కూళ్ళలో ఇవాళ అమ్మాయిలు ఎంతోమంది చదువుతున్నారు. వాళ్ళలో కొందరి డిపాజిట్లు ఎవరో ఒకామె వారం వారం కడుతూ ఉంటుంది. వాళ్ళు చదివే కేసులో ఆమె ఒక అంకె. ఆ అంకె తనకు జడ వేసిన మనిషి అని ఆ పిల్ల క్లాసులో లేచి చెప్పగలిగితే చాలు. నేను చెప్పలేకపోయాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆమెను చూశాను. కడియాలావిడను. ఇంకా చెరకుకు పోతూనే ఉంది. అవ్వ, ఆమె ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. నల్లా దగ్గర బిందె అందించుకుంటారు. ఆ కడియాల మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. కంపెనీ నష్టం కంపెనీ పుస్తకంలో ఉంది. అవ్వ ఏడు గీతలు నా నోట్‌బుక్కులో ఉన్నాయి. ఆ కడియాలు ఏ పుస్తకంలో రాయాలి?

ఇప్పటికి ఇక్కడ రాశాను.